గామా సోర్స్ దగ్గర ఎక్స్‌పోజ్ అయిన తమ్ముడికి క్రోమోజోమ్ టెస్ట్ విశాఖలో ఎవరు రాస్తారు?

మా తమ్ముడు పరవాడ దగ్గర పైపు వెల్డింగులకు రేడియోగ్రఫీ తీసే కాంట్రాక్టరు కింద హెల్పరు. తొమ్మిది రోజుల క్రితం రాత్రి 11:20కి ఇరిడియం-192 అనే రేడియోధార్మిక గామా సోర్స్ కెమెరాలోకి (దాన్ని దాచే కవచపు పెట్టె) పూర్తిగా వెనక్కి రాలేదు. అది తెలియక, సోర్స్ బయటికి వెళ్లే గొట్టాన్ని (గైడ్ ట్యూబు) కుడిచేత్తో నాలుగైదు నిమిషాలు పట్టుకున్నాడు. రేడియేషన్ కొలిచే సర్వే మీటరు ఆన్ చేయలేదట!

మూడు గంటల తర్వాత రెండు వాంతులు. ఆరో రోజు నుంచి బొటనవేలు, చూపుడువేలు ఎర్రబడి మంట. ఇవాళ చిన్న పొక్కు లేచింది. జ్వరం లేదు.

గాజువాకలో ఒక డాక్టరు కాలిన గాయమని ఆయింట్‌మెంట్ ఇచ్చారు, చర్మ డాక్టరేమో అలర్జీ అన్నారు. రక్తపరీక్షలో లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) రెండో రోజు 1,900, ఐదో రోజు 1,400. ఒంటిపై పడిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రీడింగుకు పంపాం, ఆగమని కాంట్రాక్టరు మాట. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీకి నిన్న మేమే మెయిల్ పెట్టాం, జవాబు రాలేదు. (ఇంట్లో వాడికి కంచం వేరుపెట్టారు. సోర్స్ సీల్డ్‌ది (మూసి ఉంచినది), వాడి నుంచి ఎవరికీ అంటదని చెప్పినా వినరు.)

రేడియేషన్ డోసు అంచనాకు రక్తంలో క్రోమోజోమ్ పరీక్ష ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో చేస్తారని చదివాను. విశాఖలో ఏ విభాగం డాక్టరును కలిస్తే ఆ శాంపిల్ తీసి, లెటరు రాసి పంపుతారు?