బ్రిటన్‌లో ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఐదేళ్ల నుంచి పదేళ్లకు: ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకీ వర్తింపజేయడం న్యాయమేనా? (2025 చివర్లో జరిగిన చర్చ)

కోవెంట్రీ_కిరణ్:
మొన్న 2025 నవంబర్ 20న బ్రిటన్ హోం సెక్రటరీ షబానా మహమూద్ పెట్టిన ప్రతిపాదన చూసే ఉంటారు. ఐఎల్ఆర్‌కి ఇప్పుడున్న ఐదేళ్ల గడువు పదేళ్లవుతుంది. మూడేళ్లపాటు ఏడాదికి 50,270 పౌండ్లు దాటి సంపాదిస్తే అందులో ఐదేళ్లు తగ్గిస్తారు, 1,25,140 దాటితే ఏడేళ్లు. కేర్ వర్కర్లకైతే (వృద్ధుల్నీ, జబ్బుపడ్డవాళ్లనీ చూసుకునేవాళ్లకి) పదిహేనేళ్లు. ఇంకా ఐఎల్ఆర్ చేతికి రాని అందరికీ ఇదే లెక్క అంటున్నారు. 2026 ఫిబ్రవరి 12 దాకా ఆన్‌లైన్ ఫారంలో అభిప్రాయాలు తీసుకుంటారట.

నేను 2021 ఆగస్టులో వచ్చా. జీతం 46 వేలు. 2026 ఆగస్టుకి ఐదేళ్లు నిండుతాయి. ఇంకో ఐదేళ్లంటే నాకూ మా ఆవిడకీ హెల్త్ సర్‌ఛార్జే (వీసాతోపాటు ప్రభుత్వ వైద్యానికి కట్టే రుసుము) 10,350 పౌండ్లు, బాబుది వేరే. కొత్తగా వచ్చేవాళ్లకి ఏ రూలైనా పెట్టుకోండి. సగం దారిలో ఉన్నవాళ్లని మళ్లీ మొదటికి పంపడం ఏం న్యాయం?

స్లౌ_రావు:
కిరణ్ గారూ, ఒక్కటే అడుగుతా. ఐదేళ్లకి ఐఎల్ఆర్ ఇస్తామని మీ వీసా లెటర్లో ఎక్కడ రాసుంది? ఆ ముక్క చూపించండి. అప్పటికి ఉన్న రూలు అది, అంతే. దేశం తన అవసరాన్ని బట్టి మార్చుకుంటుంది. ఓటేసేవాళ్లు అడిగారు, మారుస్తున్నారు. నేను ఇక్కడి పౌరుణ్ణి, పన్ను కడతాను. మా ఊళ్లో కౌన్సిల్ ఇంటికి (తక్కువ అద్దెకిచ్చే ప్రభుత్వ ఇంటికి) ఎన్నేళ్లు ఎదురుచూడాలో, జీపీ (మామూలు డాక్టర్) అపాయింట్‌మెంట్‌కి పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని ఎలా కూర్చోవాలో నాకు తెలుసు.

వరంగల్_వాసి:
అన్నా, 2025ల గా ఐఎల్ఆర్ ఫీజే 3,029 పౌండ్లు. దాని గురించి ఎవ్వరు మాట్లాడరేంది?

కోవెంట్రీ_కిరణ్:
రావు గారూ, వీసా మీద ఉన్నవాళ్లకి కౌన్సిల్ ఇల్లు ఎక్కడిస్తారండీ? మా కార్డు మీదే ఉంటుంది పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) లేవని. జీపీ సంగతంటారా, పన్నూ కడుతున్నా, సర్‌ఛార్జూ కడుతున్నా. మీరు ఒకసారి కట్టేదానికి నేను రెండుసార్లు కడుతున్నా.

స్లౌ_రావు:
నేనడిగింది లెటర్ గురించి. దానికి జవాబు రాలేదు.

హ్యారో_పాతకాపు:
రావు గారు హెచ్ఎస్ఎంపీ (బాగా నైపుణ్యం ఉన్నవాళ్లకి అప్పట్లో ఇచ్చిన వీసా స్కీము) మీద వచ్చారు కదా? 2006 ఏప్రిల్లో ఆ స్కీము వాళ్లకి ఐఎల్ఆర్ గడువు నాలుగేళ్లని ఐదేళ్లు చేశారు, మధ్యలోనే. అప్పుడు హెచ్ఎస్ఎంపీ ఫోరం హైకోర్టుకి వెళ్లింది. 2008లో ఒకసారి, 2009లో ఇంకోసారి తీర్పు మనవాళ్లకే వచ్చింది. అప్పుడు అన్యాయమైంది ఇప్పుడు న్యాయమెలా అయింది?

స్లౌ_రావు:
ఆ కేసుకి చందా ఇచ్చినవాణ్ణి, నాకు చెప్పకండి. హెచ్ఎస్ఎంపీ గైడెన్సులో మాకు మాట ఇచ్చారు, కాగితం మీద. కోర్టు దాన్నే పట్టుకుంది. అందుకే లెటర్ చూపించమంటున్నా. మాట ఇచ్చిన చోట నిలబెట్టుకోవాలి. ఇవ్వని చోట ఏం నిలబెడతారు?

కోవెంట్రీ_కిరణ్:
అదనంగా ఒక్క ఏడాది అన్నందుకే కోర్టుకెక్కిన మీరు, మాకు ఐదేళ్లు పెంచుతుంటే లెటర్ అడుగుతున్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. విషయం మాట్లాడండి.

లత_లెస్టర్:
అందరూ ఐదూ పదీ అంటున్నారు, పదిహేను గురించి మాట్లాడేవాళ్లు లేరు. నేను కేర్ వర్కర్ని, 2024 మేలో వచ్చా. ఆ మార్చి 11 నుంచే కేర్ వాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు కాబట్టి పాప నరసరావుపేటలో మా అమ్మ దగ్గర ఉంది. ఐదేళ్లు ఓర్చుకుందామనుకున్నా. పదిహేనేళ్లంటే దాని చదువు అయిపోయి పెళ్లీడుకొస్తుంది. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే ఒక్కో ఇంట్లో పావుగంట, అరగంట. లేపాలి, కడగాలి, ప్యాడ్ మార్చాలి, మందులు వేసి చార్టులో రాయాలి. ఇంటికీ ఇంటికీ మధ్య బస్సులో పోయే టైముకి మా కంపెనీ పైసా ఇవ్వదు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా తీరలేదు.

స్లౌ_రావు:
అమ్మా, మీ కష్టం కాదనను. కానీ ఏజెంటుకి లక్షలు పోసి కొన్న వీసాకి ప్రభుత్వం ఎందుకు బాధ్యత వహించాలి? 2022 ఫిబ్రవరిలో కేర్ వీసా తెరిచారు, ఊళ్లకి ఊళ్లు దిగాయి. చివరికి 2025 జులై 22న బయటి దేశాల నుంచి తీసుకోవడమే ఆపేశారు. ఎందుకు ఆపాల్సొచ్చిందో మనం మనల్ని అడగాలి.

లత_లెస్టర్:
కొన్నానా? వీసాకి కావాల్సిన స్పాన్సర్ సర్టిఫికెట్ ఇచ్చింది ఇక్కడి కంపెనీ. ఆ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది హోం ఆఫీసు. మోసం చేసినవాడి లైసెన్సు పీకితే వాడికేం కాలేదు, నాకు మాత్రం 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ని (వీసాకి పూచీపడే కంపెనీని) వెతుక్కోమని లెటర్ వచ్చింది. మీరడిగే లెటర్ అదేనా సార్?

బ్రిస్టల్_నర్సు:
లతక్కా, నీతోనే ఉన్నాం.

స్లౌ_రావు:
మీకెవరికీ అర్థం కావట్లేదు. ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో నన్నెవరూ ఏమీ అనలేదు. సౌత్‌పోర్ట్‌లో పిల్లల్ని కత్తితో పొడిచి చంపిన ఘటన తర్వాత 2024 ఆగస్టులో వలసదారుల మీద అల్లర్లు జరిగినప్పుడు ఇక్కడే పుట్టిన మా అబ్బాయిని బస్టాపులో మీ దేశం పొమ్మన్నారు. వాడికి ఈ దేశం తప్ప ఏ దేశముంది? ఇంతమందిని ఒక్కసారిగా రానిచ్చి ఉండకపోతే వాడికా మాట పడేది కాదు. నా బాధ అది. రూలు గట్టిగా ఉంటేనే మా పిల్లలకి ఇక్కడ మర్యాద.

లత_లెస్టర్:
మీ అబ్బాయిని అన్నవాడు వాడి వీసా అడిగి అన్నాడా? నాకు పదిహేనేళ్లు పెట్టినంత మాత్రాన వాడు ఆగుతాడా? 2006లో మీ రూలు మార్చినప్పుడు నేను లేను, కేర్ వీసానే లేదు. అయినా మార్చారు.

హ్యారో_పాతకాపు:
ఇదీ అసలు గొడవ. లెటరూ కాదు, ఏళ్లూ కాదు.

స్లౌ_రావు:
నా మాట మారదు. పదేళ్లు ఎక్కువేం కాదు. కానీ స్పాన్సర్ చేతిలో మనిషి ప్రాణం పెట్టడం తప్పు, అది ఫారంలో రాస్తా. కేర్ వాళ్లు ఏ కంపెనీలోనైనా చేసుకునేలా వీసా ఉండాలి.

లత_లెస్టర్:
అది రాయండి సార్. ఏళ్ల సంగతి తర్వాత కొట్లాడుకుందాం.

కోవెంట్రీ_కిరణ్:
అంటే మా ఐదేళ్లు గాలికేనా? అందరూ ఫారం నింపండి. ఇప్పటికే ఇక్కడున్నవాళ్లకి మినహాయింపు ఉండాలా అని విడిగా అడుగుతున్నారు, ఆ ప్రశ్న వదిలేయకండి.

కొత్త_మెంబరు:
డిపెండెంట్‌గా ఉన్న భార్యకి భర్త లెక్కే వర్తిస్తుందా?

బ్రిస్టల్_నర్సు:
లేదండీ, ప్రతిపాదన ప్రకారం ఆవిడ లెక్క విడిగా. ఆవిడ సంపాదన కూడా చూస్తారట.