తాతయ్య ట్రాక్టర్‌కి కొత్త రంగు వేయించాలా, పాత రంగుతోనే ఉంచాలా?

గట్టుమీద_మనిషి

మా ఇంట్లో నెల రోజులుగా నలుగుతున్న గొడవ ఇది. మీరే తీర్పు చెప్పండి.

మా తాతయ్య దున్నిన ఫెర్గూసన్ 35 పదకొండేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు. ఇంజన్ పట్టేసింది. టైర్లు పగుళ్లిచ్చాయి. సైలెన్సర్‌లో ఏదో పిట్ట గూడు కూడా పెట్టింది. నాన్న రిటైరయ్యాక నేను, ఆయన, మా చెల్లి కలిసి దాన్ని బాగుచేద్దామని దిగాం. ఇంజన్ విషయంలో ముగ్గురిదీ ఒకటే మాట. తేడా వచ్చిందల్లా రంగు దగ్గరే.

నాన్నకి అది షోరూం నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే కావాలి. మొత్తం విప్పి, సాండ్ బ్లాస్టింగ్ చేయించి (అంటే జోరుగా ఇసుక కొట్టి పాత రంగు, తుప్పు లేపేయించి), ఎర్ర రంగు కొట్టించాలట. చెల్లి ఒక్క గీత కూడా చెరపనివ్వను అంటోంది. దాని బాధ నాకు అర్థమవుతుంది. ఎడమ మడ్‌గార్డు మీద తాతయ్య చెయ్యి ఆనించి, వెనక్కి తిరిగి చాలు చూసుకునేవాడు. అక్కడ అరచేతి వెడల్పున రంగు అరిగిపోయి, ఇనుము నున్నగా మెరుస్తూ ఉంటుంది. టూల్ బాక్స్ మూత లోపలేమో మేకుతో గీసిన తేదీలు, ఆయిల్ మార్చినప్పుడల్లా ఒకటి. ఆఖరి తేదీ పక్కన "క్లచ్?" అని ఉంది. ఆ ప్రశ్నకి జవాబు ఆయన రాయలేదు.

బ్లాస్టింగ్ చేయిస్తే ఇవన్నీ పోతాయి. చేయించకపోతే నాన్న మనసు కష్టపడుతుంది. ఏం చేయమంటారు?

గ్రీజుచేతులు

నాన్నగారి మాటే వినండి. ట్రాక్టర్‌కి రంగు సోకు కోసం వేయరు, ఇనుము తినేయకుండా వేస్తారు. అరచేతి వెడల్పు మెరుపు అన్నారే, అది మెరుస్తున్నంత కాలం చెయ్యి ఆనుతూ ఉండేది కదా. ఇప్పుడు ఆనే చెయ్యి లేదు, ఇంకో రెండు వానాకాలాల్లో అక్కడ చిల్లు పడుతుంది.

ఇంకో సంగతి. మా ఇంట్లో బండికి పాత రంగు పూర్తిగా లేపాకే అసలు విషయం బయటపడింది. ముందు యాక్సిల్‌ని పట్టుకునే దిమ్మ పగిలి ఉంది. ఎవరో ఎప్పుడో పుట్టీ పెట్టి పైన రంగు పూసేశారు. పాత రంగు అలాగే ఉంచుకుని ఉంటే ఏ గుంతలోనో ముందు చక్రాలు విడిగా దొర్లేవి. జ్ఞాపకాల కోసం ఫోటోలు తీసుకోండి, తర్వాత బ్లాస్టింగ్‌కి పంపండి.

పాతఇనుము

ఫోటో తీసుకుని చెరిపేయమనడం చాలా తేలిక. కొత్త రంగు వచ్చే ఏడాదైనా వేసుకోవచ్చు, పదేళ్ల తర్వాతైనా వేసుకోవచ్చు. చెరిపింది మాత్రం మళ్లీ రాదు.

ఇక సాండ్ బ్లాస్టింగ్. నేను చేయించి ఏడ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఒక షాపులో బండిని పూర్తిగా విప్పకుండానే ఇసుక కొట్టారు. గాలి ఆడే బ్రీదర్లు, ఆయిల్ ఆపే సీళ్లు సరిగ్గా మూయలేదు. పైకి అద్దంలా వచ్చింది. మూడు నెలలకి హైడ్రాలిక్ లిఫ్ట్ ఆగిపోయింది. విప్పి చూస్తే పంపు నిండా సన్నటి ఇసుక, లోపలి ముఖాలన్నీ గీతలు. అంతకన్నా పెద్ద దెబ్బ, సీరియల్ నంబర్ ప్లేటు తీయకుండానే కొట్టేశారు. అంకెలు సగం పోయాయి. ఆ బండి ఏ సంవత్సరందో ఇప్పుడు నేను నోటితో చెప్పుకోవాల్సిందే.

రేకు భాగాలు విడిగా ఊడదీసి ఇస్తే పరవాలేదు. గేర్ బాక్స్, ఇంజన్, లిఫ్ట్ ఉన్న దిమ్మకి మాత్రం ఇసుక జోలికి పోవద్దు. వైరు బ్రష్, గీకుడు కత్తి, ఓపిక చాలు. ఆ కాలం రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా గీకితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

గ్రీజుచేతులు

షాపువాడు పని చేతకానివాడైతే తప్పు ఇసుకదా? విప్పి, మూసి కొట్టిస్తే ఏమీ కాదు. నేను రెండు బళ్లకి చేయించాను.

పానా_పట్టినోడు

రంగు గురించి కొట్టుకునే ముందు ఇంజన్ తిరుగుతుందో లేదో చూడండయ్యా. పెళ్లికూతురు లేకుండా చీర గురించి తగువు.

పట్టేసిన ఇంజన్‌ని గేరులో వేసి వేరే బండితో లాగుతారు చాలామంది. అస్సలు చేయొద్దు. తుప్పుకి అంటుకున్న పిస్టన్ కదలకపోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా రింగులు విరిగి సిలిండర్ లోపలి లైనర్ చీరుకుపోతుంది. డీజిల్ చిమ్మే నాజిళ్లు ఊడదీసి ప్రతి సిలిండర్‌లోనూ సగం డీజిల్, సగం ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఆయిల్ కలిపి పోయండి. వారం వదిలేయండి. ఇంకిపోతే మళ్లీ పోయండి. తర్వాత ముందు పుల్లీ దగ్గర పొడుగాటి పానా వేసి అటూ ఇటూ ఊపండి. బలం పెట్టొద్దు, ఊపడమే. వెంట్రుకవాసి కదిలినా చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. కదిలాక కూడా వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు. పాత ఆయిల్ దించి, ఇంజన్ కింద ఆయిల్ నిలిచే సంపు విప్పి అడుగున ఏం పేరుకుందో చూడండి.

ఇంకో ప్రశ్న. మీది నాలుగు సిలిండర్లా, మూడా? అడగడానికి కారణం ఉంది. ఇంగ్లండ్‌లో 35 తయారీ 1956లో మొదలైంది. మొదట్లో వచ్చిన డీజిల్ బళ్లకి నాలుగు సిలిండర్ల ఇంజన్. చలికి స్టార్ట్ కాదని దాన్ని తిట్టనివాడు లేడు. మూడు సిలిండర్ల పెర్కిన్స్ 1959లో వచ్చింది. రంగు కూడా అంతే. మొదటి బళ్లకి బానెట్, మడ్‌గార్డులు బూడిద రంగు, ఇంజన్, గేర్ బాక్స్ రాగి బంగారు రంగు. ఎరుపు 1957 చివర్లో వచ్చింది, మాసీ ఫెర్గూసన్ అన్న పేరుతో. మీ బండి షోరూం నుంచి ఎర్రగానే వచ్చిందని ఎవరు చెప్పారు?

గట్టుమీద_మనిషి

నాలుగే. ఇప్పుడే వెళ్లి లెక్కపెట్టి వచ్చాను.

మీ మాట నాన్నకి చదివి వినిపిస్తే నవ్వి కొట్టిపారేశారు. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఎర్రగానే ఉంది, నాకు చెప్పొస్తాడా" అన్నారు.

పానా_పట్టినోడు

ఊహ తెలిసేది నాలుగైదేళ్లకి కదా. డీజిల్ ట్యాంకు దించి దాని కింద చూడండి. డాష్‌బోర్డు వెనక చూడండి. బ్రష్ దూరని చోట్ల చూడండి.

చాలుకి_చాలు

రంగుల మాట పక్కన పెట్టండి. ఈ బండి తిరిగి నడిచిన రోజు మీరేం చేస్తారో నేను చెబుతాను. పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. మా చిన్నాన్న కొడుకు అలాగే జారి వెనక చక్రం కింద పడ్డాడు. బతికాడు, కాలు పోయింది. తోలుతున్నది వాళ్ల నాన్నే.

ఈ పాత బళ్లకి రోల్ బార్ ఉండదు, అదే, తిరగబడినా తోలేవాడు నలగకుండా కాపాడే ఇనుప చట్రం. బరువు లాగేటప్పుడు గొలుసు వెనక యాక్సిల్ కన్నా పైన కడితే ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. క్లచ్ తొక్కేంత టైం కూడా ఉండదు, ఒక సెకనులో అయిపోతుంది. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకి రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. మీ బండి అంతకన్నా పాతది. బాగుచేసేటప్పుడే బార్, సీటు బెల్టు పెట్టించండి.

పాతఇనుము

మీ ఇంట్లో జరిగిందానికి బాధగా ఉంది. కానీ 35కి రోల్ బార్ పెడితే అది 35లా ఉంటుందా? నెలకోసారి షెడ్డు చుట్టూ తిప్పే బండికి అంత అవసరమా?

చాలుకి_చాలు

బోల్టులతో బిగించేవి దొరుకుతాయి, కావాలంటే ఊడదీసుకోవచ్చు. బండి మీద గీత పోతుందని అంత బెంగపడే మీకు మనిషి సంగతి అక్కర్లేదా? ఎవరికైనా పనికొస్తుందని ఇంకో మాట కూడా చెబుతున్నా. బార్ లేకుండా బెల్టు ఒక్కటే పెట్టించొద్దు, తిరగబడితే బండి కిందే ఉండిపోతారు. ఇంట్లో వెల్డింగ్ చేసిన పైపుల్ని బార్ అనుకోవద్దు.

పాతఇనుము

సరే, ఒప్పుకున్నా. పని చేయించే బండికి ఉండాల్సిందే.

కోడలమ్మ

మీరంతా బండి వైపు నుంచే మాట్లాడుతున్నారు. ఒక ఇంటి వైపు నుంచి చెప్పనా?

మా మామయ్యగారు వాళ్ల నాన్న ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టర్‌ని మూడేళ్లు పట్టుకుని బాగుచేశారు. 1947 నుంచి 1952 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన బండి, అందులో అపురూపం ఏమీ లేదు. ఆ మూడేళ్లూ ఇల్లంతా పండగే. మా వారూ, మరుదులూ ఫోన్లలో కూడా సరిగ్గా మాట్లాడుకోని మనుషులు, ఆదివారం వస్తే కార్బురేటర్ చుట్టూ చేరేవాళ్లు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బ్యాటరీ ఆరు వోల్టులు, ఎర్తు ప్లస్‌కి అని, తలకిందులుగా కలిపిన బాబాయిని పట్టుకుంది.

తర్వాత రంగు వేయించారు. ఆ రోజు నుంచి ఎవరూ ముట్టుకోకూడదు. గుడ్డ కప్పి తాళం. పిల్ల స్టీరింగ్ పట్టుకుంటే వేలిముద్రలు పడ్డాయని కేక. ఇప్పుడు మరుదులు రావడం లేదు, ఎందుకొస్తారు, చేయడానికి పనేముంది? అదే బండి బురదగా ఉన్నప్పుడు మా ఇల్లు ఎక్కువ బాగుండేదని నాకనిపిస్తుంది. అందుకని గీతలు ఉంచండి, లేదా చెరపండి, కానీ గీత పడితే కొంప మునిగిందనుకునేంత రంగు మాత్రం వేయించకండి.

గ్రీజుచేతులు

అమ్మా, అది రంగు తప్పా, మామయ్యగారి తప్పా?

కోడలమ్మ

ఇద్దరిదీను.

గట్టుమీద_మనిషి

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. నిన్న ట్యాంకు దించాం.

కింద బూడిద రంగే ఉంది. తలుపు మూసిన గదిలా, ఎండ తగలని బూడిద. గేర్ బాక్స్ మీద అంగుళం మందాన పేరుకున్న గ్రీజు మట్టి గీకితే రాగి రంగు తేలింది. మరి ఎరుపు ఎక్కడిది? బానెట్ లోపలి అంచున టార్చి వేసి చూస్తే రంగు కారి, గడ్డకట్టిన బొట్లు కనిపించాయి. ఒకచోట బ్రష్ వెంట్రుక ఒకటి రంగులోనే ఎండి అతుక్కుని ఉంది. ఫ్యాక్టరీలో బ్రష్‌తో వేయరు కదా.

తాతయ్యే వేసుకున్నాడన్నమాట. కొత్త మోడల్ ఎర్రగా వస్తోందని చూసి వేశాడో, చేతికి దొరికిన డబ్బా అదో, చెప్పేవాళ్లెవరూ లేరు. నాన్న ఆ వెంట్రుకని గోటితో తాకి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గ్రీజుచేతులు

అయితే అసలు రంగు బూడిదే. బూడిద, బంగారం కొట్టించండి. అలాంటి 35 కనిపించడమే అరుదు, చూసేవాళ్లు ఆగిపోతారు.

పాతఇనుము

ఆయన చేత్తో వేసిన ఎరుపుని చెరిపి, ఆయనకి నచ్చని బూడిద వేయమంటారా? బాగుంది వరస.

పానా_పట్టినోడు

ఈ తగువు ఇప్పట్లో తెగదు గానీ, ఆ టూల్ బాక్స్ మూతనీ మడ్‌గార్డునీ తుప్పు నుంచి ఆపండి. సబ్బు నీళ్లతో కడిగి, బాగా ఆరాక, కాచిన అవిసె నూనె గుడ్డతో పల్చగా రుద్దండి. రంగు అలాగే ఉంటుంది, గాలి తగలదు. ఒక జాగ్రత్త, నూనె తుడిచిన గుడ్డల్ని కుప్పగా పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయండి.

గట్టుమీద_మనిషి

నూనె చెల్లి రుద్దింది. మేకు గీతలు ఇంతకుముందు కన్నా స్పష్టంగా తేలాయి. రోల్ బార్‌కి ఆర్డర్ పెట్టాం. ముందు యాక్సిల్ దిమ్మ కూడా గీకి చూశాం, పగుళ్లేమీ లేవు.

రంగు సంగతి నాన్న ఎత్తడం మానేశారు. బ్లాస్టింగ్ వాళ్లకి ఫోన్ చేసి వద్దన్నారని అమ్మ చెప్పింది, మాతో మాత్రం అనలేదు.

ఇవాళ పొద్దున పానా వేసి ఊపుతుంటే పుల్లీ కదిలింది. వేలి మందం, అంతే. మూడో సిలిండర్ ఇంకా గట్టిగానే ఉన్నట్టుంది, మళ్లీ నూనె పోశాం. క్లచ్ కూడా విప్పబోతున్నాం, తాతయ్య ప్రశ్నార్థకం పెట్టింది దేనికో చూడాలి. విప్పాక ఫోటోలు పెడతాను.