మైక్రోకంట్రోలర్ ప్రశ్నకు తగిన ట్యాగు: చిప్ పేరా, భాష పేరా?

లింకర్ లేఖరి:
మైక్రోకంట్రోలర్ల (పరికరాలను నడిపే ఒంటి చిప్ కంప్యూటర్ల) మీద ప్రోగ్రాములు రాసేవారు సందేహం అడిగేటప్పుడు 'సి', 'సి ప్లస్ ప్లస్', 'ఆర్డుయినో', 'ఎంబెడెడ్' అనే నాలుగు ట్యాగులనూ ఒకేసారి తగిలించడం పరిపాటి అయింది. స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటులో ఒక ప్రశ్నకు అయిదు ట్యాగులకు మించి చోటు లేదు; అందులో నాలుగు ఇలా ఖర్చయినా చిప్ ఏదో తెలియదు. చిప్ కుటుంబం పేరు తప్పనిసరి అనీ, ఇలాంటి చిప్‌లన్నింటికీ వర్తించే 'ఎంబెడెడ్' అనే మాటను నిస్సంకోచంగా తీసేయవచ్చనీ నా వాదన.

ఒక ఉదాహరణ చూడండి. ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి వేరే పని చేయించే సంకేతం) వచ్చినప్పుడల్లా 16 బిట్ల లెక్క ఒకటి పెరుగుతుంది, ప్రధాన ప్రోగ్రాం దాన్ని చదువుతుంది, అప్పుడప్పుడు పొంతన లేని సంఖ్య కనిపిస్తుంది. 'సి' అనే ట్యాగు మాత్రమే ఉంటే, వేరియబుల్‌కు వోలటైల్ (విలువను ప్రతిసారీ మెమరీ నుంచే చదవమనే మాట) చేర్చమని చెప్పి జవాబిచ్చేవారు వెళ్లిపోతారు. ఆర్డుయినో ఊనో అనే బోర్డులోని ఏటీమెగా328పీ 8 బిట్ల ప్రాసెసర్ కనుక ఆ సంఖ్యను రెండు బైట్లుగా, రెండు విడతల్లో చదువుతుంది. ఆ రెండింటి నడుమ ఇంటరప్ట్ వస్తే, లెక్క 255 నుంచి 256కు మారే క్షణంలో పాత బైటు, కొత్త బైటు కలిసి 511 కనిపించే అవకాశం ఉంది. చదివేంతసేపు ఇంటరప్టులను ఆపడం ఈ దోషానికి మామూలు విరుగుడు. అదే ప్రోగ్రాం కార్టెక్స్ ఎం3 అనే 32 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిస్తే ఆ సంఖ్యను ఒక్క ఆదేశంతో చదువుతుంది కాబట్టి వోలటైల్ సరిపోతుంది. ప్రశ్న ఒక్కటే అయినా చిప్‌ను బట్టి జవాబు మారింది.

రెండో బిట్:
లేఖరి గారూ, మీ ఉదాహరణ సరైనదే గాని, అది మీ వాదనకు ఎదురు తిరుగుతుంది. లోపం 8 బిట్ల ప్రాసెసర్‌లో ఉందని గ్రహించగలిగినవాడు ఆ ప్రశ్న అడగడు. ఎక్కడ తప్పు జరిగిందో తెలియని మనిషిని, తప్పు జరిగిన పొర పేరు ముందుగా రాయమనడం రోగినే రోగనిర్ణయం చేసుకుని రమ్మన్నట్లుంటుంది. పైగా రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి నిండే నిల్వ) సూచిక హద్దు దాటిన సందర్భంలో, అది సి భాష తప్పే అయినా, ఎస్‌టీఎం32 అని చిప్ కుటుంబం పేరు ట్యాగుగా పెడితే, సి భాషలో దిట్టలైనవారు అది తమకు సంబంధించినది కాదని దాటిపోతారు. చిప్ పేరు ప్రశ్న పాఠంలో ఉండాలి. ట్యాగు మాత్రం ఎవరు చదవాలో చెప్పాలి.

పాత టంకం:
మీరిద్దరూ చిప్ అంటున్నారు, అడిగేవారు మాత్రం బోర్డు పేరు రాస్తున్నారు. అసలు చిక్కు అక్కడుంది. ఆర్డుయినో అన్న మాట ఏ ప్రాసెసర్‌నూ సూచించదు: ఊనోలో 8 బిట్ల ఏవీఆర్ (ఏటీమెగా328పీ చిప్ కుటుంబం), 2012లో వచ్చిన డ్యూలో కార్టెక్స్ ఎం3, 2023 నాటి ఊనో ఆర్4లో కార్టెక్స్ ఎం4. మొదటిదానిలో ఇంట్ (పూర్ణాంకాల రకం) 16 బిట్లు, మిగిలిన రెండింటిలో 32 బిట్లు కనుక, 1000ని 60తో గుణించే సాధారణమైన వాక్యం పాత ఊనో మీద హద్దు మీరుతుంది, తక్కిన రెండింటి మీద మీరదు. రాస్ప్‌బెర్రీ పై సంగతి ఇంకా దారుణం. 2021లో వచ్చిన పీకోలో ఉన్నది ఆర్‌పీ2040 అనే మైక్రోకంట్రోలర్. దాని ప్రశ్నలకు లినక్స్ నడిచే పెద్ద రాస్ప్‌బెర్రీ పై బోర్డు ట్యాగు పెట్టినందువల్ల లినక్స్ ఆదేశాలు జవాబులుగా వస్తుంటాయి, వాటితో ఎవరికీ పని లేదు.

లింకర్ లేఖరి:
బోర్డు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. బిట్ గారికి నా సమాధానం ఇది: లోపం ఏదో తెలియకపోయినా, చేతిలో ఉన్న చిప్ ఏదో, కంపైలర్ ఏదో అడిగేవారికి తెలుసు. భాష విషయంలోనూ ఊహించవలసిన అవసరం లేదు. ఆర్డుయినో ప్రోగ్రాం ఉండే ఐఎన్ఓ ఫైలు సి ప్లస్ ప్లస్‌గానే కంపైల్ అవుతుంది కాబట్టి దానికి 'సి' ట్యాగు తప్పు. ఎస్‌టీఎం32లో ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ను (ఇంటరప్ట్ వస్తే నడిచే ఫంక్షన్‌ను) సి ప్లస్ ప్లస్ ఫైలులో ఎక్స్‌టర్న్ సి (పేరును సి పద్ధతిలోనే ఉంచమనే ఆదేశం) లేకుండా రాస్తే, కంపైలర్ దాని పేరును మార్చేస్తుంది. లింకర్ (ముక్కలను కలిపి ఒకే ప్రోగ్రాం చేసే సాధనం) అసలు పేరు దొరక్క స్టార్టప్ ఫైలులోని డిఫాల్ట్ హ్యాండ్లర్‌నే ఉంచుతుంది. మొదటి ఇంటరప్ట్‌కే ప్రోగ్రాం అంతులేని లూప్‌లో పడుతుంది. రెండు భాషల ట్యాగులూ కలిపి పెడితే ఈ కీలకమైన ఆధారం కనుమరుగవుతుంది.

పాత టంకం:
ప్రింట్‌ఎఫ్ అనే అచ్చు ఫంక్షన్‌తో దశాంశ సంఖ్య అచ్చు కాకపోవడాన్ని కూడా ఈ కోవలోనే చేర్చాలి. ఏవీఆర్ లైబ్రరీలో దాని స్థానంలో ప్రశ్నార్థకం వస్తుంది. ఆర్మ్ వైపు న్యూలిబ్ నానో అనే చిన్న సి లైబ్రరీలో లింకర్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే ఖాళీ మిగులుతుంది. ఇక్కడ చిప్ కన్నా లైబ్రరీ పేరు విలువైనది. ట్యాగు మారిస్తే జవాబు మారుతుందా అని చూడండి. మారకపోతే ఆ ట్యాగు అనవసరం.

రెండో బిట్:
ఆ పరీక్షను జవాబు తెలిసినవారే చేయగలరు. కాబట్టి అడిగేవారు చిప్, కంపైలర్, లైబ్రరీ వివరాలను పాఠంలో రాసి, భాష ట్యాగు ఒక్కటి సరిగా పెడితే చాలు. కారణం తేలిన తరువాత జవాబిచ్చినవారే మిగిలిన ట్యాగులను సరిదిద్దాలి. లేఖరి గారి లెక్క ప్రశ్నకు 'ఏవీఆర్', 'ఇంటరప్ట్' అనేవి అప్పుడే చేరాలి.

లింకర్ లేఖరి:
'ఇంటరప్ట్' తరువాత చేరవచ్చు, అభ్యంతరం లేదు. 'ఏవీఆర్' మాత్రం మొదటి నుంచే ఉండాలి. అది లేకపోతే 511 ఎలా వచ్చిందో చెప్పగలవారి కంట ఆ ప్రశ్న పడదు.