చర్లపల్లి స్టేషన్ పక్కన వెయ్యి ఫ్లాట్లు వస్తున్నాయట, రోడ్డేమో 30 అడుగులు. మీటింగ్‌లో ఏం అడగాలి?

కాలనీ_సెక్రటరీ:

అందరికీ నమస్తే. మాది చర్లపల్లి స్టేషన్‌కు దగ్గర్లోని పాత కాలనీ. 140 ఇళ్లు, ఎక్కువ మంది చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో చేసి రిటైరైనవాళ్లే. 2025 జనవరి 6న కొత్త టెర్మినల్ ప్రారంభమైంది కదా, ₹400 కోట్లకు పైగా పెట్టి కట్టారు, సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ మీద బరువు తగ్గించడానికి. స్టేషన్ బాగుంది, దానితో పేచీ లేదు. అక్కడిదాకా వచ్చే దారే ఇబ్బంది. ఇండస్ట్రియల్ ఏరియా కాబట్టి గ్యాస్ సిలిండర్ల లారీలు, ఆయిల్ ట్యాంకర్లు, సూట్‌కేసులు లాక్కుంటూ వచ్చే జనం, స్కూల్ ఆటోలు, అన్నీ ఒకే దారిలో.

ఇప్పుడు సంగతేంటంటే, మా వెనక మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలంలో ఒక బిల్డర్ టవర్లు కడతాడట, దాదాపు వెయ్యి ఫ్లాట్లు. బ్రోచర్‌లో "రైల్వే స్టేషన్‌కు 5 నిమిషాలు" అని వేశాడు. ఎలా 5 నిమిషాలో, ఎగురుకుంటూ పోవాలేమో. మా రోడ్డు కాగితం మీద 30 అడుగులు. రెండు వైపులా బండ్లు ఆపాక మిగిలేది ఎంతో చెప్పక్కర్లేదు.

అసోసియేషన్‌లో రెండు పార్టీలయ్యాయి. కొందరు "అసలు కట్టనివ్వొద్దు, కోర్టుకు పోదాం" అంటున్నారు, మిగతావాళ్లు "రోడ్డు వెడల్పు చేయమందాం" అంటున్నారు. వెడల్పు చేస్తే పోయేది తమ ఇంటి ముందు గోడే అని రెండో పార్టీవాళ్లకు ఇంకా తట్టలేదనుకుంటా. వచ్చే నెల అధికారులతో మీటింగ్ ఉంది, ఏదైనా ఉంటే రాసివ్వమన్నారు. "ట్రాఫిక్ సమస్య పరిష్కరించ ప్రార్థన" అని రాస్తే ఫైల్లో పడేస్తారు, అది నాకూ తెలుసు. సూటిగా ఏమేం అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రోజూ_రైలు:

ముందు ఒక మాట సార్. "స్టేషన్ పక్కన ఇల్లు" అంటే జనం మెట్రో పక్కన ఇల్లు అనుకుంటారు. ఎంఎంటీఎస్, అంటే మన లోకల్ రైలు, 2003 నుంచి నడుస్తోంది, నేను పద్నాలుగేళ్లుగా ఎక్కుతున్నా, మెట్రోలాగా ఐదు నిమిషాలకొకటి రాదు. చాలా చోట్ల ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్స్ బండ్లు నడిచే పట్టాల మీదే నడవాలి. మీ వైపు సెకండ్ ఫేజ్‌లో లింగంపల్లి దాకా లైను కలిసింది, అది మంచిదే. కానీ పొద్దున ఎనిమిది, పది మధ్య ఎన్ని బండ్లున్నాయో టైమ్‌టేబుల్ చూసి లెక్కపెట్టండి. వెయ్యి ఫ్లాట్లవాళ్లూ రైలెక్కుతారు, రోడ్డు మీద భారం ఉండదు అని బిల్డర్ మనిషి చెబితే ఆ కాగితం ఆయన ముందు పెట్టండి. బండి లేకపోతే కారు తీస్తారు, అంతే.

ఇంకోటి, పేరు చూసి మోసపోవద్దు. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకచోట, హైటెక్ సిటీ మెట్రో ఇంకోచోట. కొత్తలో నేను ఒకటే అనుకుని దిగి ఆటోకు డబ్బులు పెట్టుకున్నా. మలక్‌పేటలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, దిగి ఎక్కడమే. మీకు దగ్గర్లో మెట్రో అంటే హబ్సిగూడ, ఉప్పల్ వైపు పోవాలి. అక్కడికి బస్సు లేకుండా మీ స్టేషన్ ఒంటరిదే.

పాత_కంట్రోలర్:

సెక్రటరీ గారూ, నేను ఆర్టీసీలో ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగాను, అందులో చివరి తొమ్మిదేళ్లు కంట్రోలర్‌గా. బస్సు అడిగేటప్పుడు జనం ఎప్పుడూ చేసే తప్పు, "మా కాలనీకి బస్సు వేయండి" అని రాస్తారు. బస్సు ఉంటే సరిపోదండీ, తిరగడానికి జాగా ఉండాలి. మామూలు సిటీ బస్సు 12 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. మీ 30 అడుగుల రోడ్డు అంటే 9 మీటర్లు. ఇరువైపులా కార్లు ఆగితే చెరో రెండు మీటర్లు పోయి 5 మీటర్లు మిగులుతుంది. అందులో ఎదురుగా ట్యాంకర్ వచ్చిందనుకోండి, ఎవరో ఒకరు రివర్స్ చేయాలి, ఆ ట్రిప్పు పోయినట్టే. రెండు ట్రిప్పులు పోతే ఆ షెడ్యూల్ ఈపీకే, అంటే కిలోమీటరుకు వచ్చే రాబడి, పడిపోతుంది, ఆర్నెల్లకు బస్సు ఎత్తేస్తారు. అప్పుడు మీరు ధర్నా చేస్తారు, పేపర్లో వస్తుంది, మళ్లీ వేస్తారు, మళ్లీ ఎత్తేస్తారు. ఇది నేను కళ్లారా చూసిన కథ.

కాబట్టి అడగాల్సింది స్టేషన్ ముందు బస్సు తిరిగే జాగా. రెండు బస్సులు ఆగేంత బే, ప్రయాణికులకు నీడ, డ్రైవర్, కండక్టర్‌కు ఒక టాయిలెట్. నవ్వకండి, టాయిలెట్ లేని పాయింటుకు డ్యూటీ పడితే మహిళా కండక్టర్లు పడే బాధ నాకు తెలుసు. పెద్ద బస్సు పట్టకపోతే ఈసీఐఎల్ నుంచి స్టేషన్ మీదుగా హబ్సిగూడ మెట్రోకు మినీ బస్సు అడగండి, కానీ రైళ్ల టైమ్‌కు కలిపి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. వాళ్లు ఆటోకు రోజూ యాభై, అరవై పెట్టరు, బస్సు ఉంటే బస్సే ఎక్కుతారు. మీ దగ్గర ఫ్యాక్టరీలకు వచ్చే ఆడవాళ్లు ఎందరో లెక్క తీసి రాయండి. వాళ్లకిచ్చే జీరో టికెట్టు కూడా టికెట్టే, ఓఆర్ లెక్కలోకి, అంటే బస్సు ఎంత నిండిందనే లెక్కలోకి వస్తుంది. ఖాళీగా తిరుగుతుందేమోనన్న భయం డిపోవాళ్లకు పోవాలి.

మూడు_చక్రాలు:

అన్నా, అందరూ ఆటోవాళ్లను తిడతారు గానీ మాకు నిలబడే జాగా ఎక్కడ? స్టేషన్ ముందు నిలబడితే ఒకరు తరుముతారు, రోడ్డు మీద నిలబడితే ఇంకొకరు చలానా రాస్తారు. తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ వచ్చిందంటే ఒకేసారి జనం కుమ్మరించినట్టు వస్తారు. ఇది టెర్మినల్, దారిలో ఆగే స్టేషన్ కాదు, బండి మొత్తం ఖాళీ అవుతుంది. 1,200 మంది దిగారనుకో, సగం మందికి ఆటో కావాలన్నా, ముగ్గురికొకటి లెక్కేసినా 200 ఆటోలు, అది కూడా పావుగంటలో. లైను కట్టి ఒక్కొక్కటి ముందుకు వచ్చేలా స్టాండ్ ఉంటే బేరం కోసం కొట్లాట ఉండదు. లేకపోతే ఎవడు ముందు దూరితే వాడిదే, రేటు కూడా వాడిదే. నేను తప్పు చేయనని చెప్పను, నాలుగు గంటలకు నిద్ర లేచి వచ్చి ఉత్త చేతుల్తో పోలేను కదా.

దింపడానికి వచ్చే కార్లకు వేరే లైను పెట్టమని రాయండి. ఒక్క కారు డిక్కీ తెరిచి పది నిమిషాలు ఆగితే వెనక ట్యాంకర్ దాకా మొత్తం ఆగిపోతుంది.

వాషీ_వాసి:

మాది నల్గొండ జిల్లా, ఇరవై రెండేళ్లుగా నవీ ముంబైలో ఉంటున్నా. ఇక్కడి సంగతి చెబితే మీకు ఉపయోగపడొచ్చు. 1992లో మాన్‌ఖుర్ద్ నుంచి వాషీకి రైలు వచ్చింది. సిడ్కో అనే సంస్థ ఈ ఊరు కడుతూ రైలు ఖర్చులో మూడింట రెండు వంతులు తనే పెట్టుకుంది, మూడో వంతు రైల్వేది. డబ్బు పెట్టింది కాబట్టి స్టేషన్ ఎలా ఉండాలో చెప్పే హక్కు దానికి వచ్చింది. వాషీ స్టేషన్ మీదే ఆఫీసులు, కింద దుకాణాలు, ముందు బస్సులకు, ఆటోలకు జాగా. నెరూల్ లాంటి చోట ఈస్ట్, వెస్ట్ రెండు వైపులా స్టేషన్‌కు ముఖాలున్నాయి, పట్టాలకు అవతల ఉండటం శాపం కాదు.

అలాగని ఇది స్వర్గమేం కాదు, వానాకాలం వచ్చి చూడండి. కానీ రైలూ ఊరూ ఒకే చేత్తో గీశారు. మీ దగ్గర రైల్వే గోడ లోపల ఒక దొర, గోడ బయట ఇంకో దొర. అందుకని మీ కాగితం ఇద్దరికీ ఇవ్వండి, ఒకరికిచ్చిన కాపీ ఇంకొకరికి పంపినట్టు కింద రాయండి. లేకపోతే "అది వాళ్ల పరిధి" అనే మాట జీవితాంతం వింటారు.

గీతల_మనిషి:

ప్లానింగ్ చదువుకుని కొన్నాళ్లు ఈ పనే చేశాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

కేంద్రం 2017లో స్టేషన్ల చుట్టూ అభివృద్ధి మీద ఒక విధానం తెచ్చింది, టీఓడీ అంటారు. అందులో స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లు లెక్కలోకి తీసుకుంటారు, అంటే పది నిమిషాల నడక. ఆ పరిధిలో ఎక్కువ మంది ఉండాలి, ఎక్కువ కట్టాలి, బదులుగా నడిచేవాళ్లకు దారి బాగుండాలి. వేరే నగరాల్లో "నీకు అదనంగా అంతస్తులిస్తాం, నువ్వు దారి వదులు" అని బిల్డర్‌తో బేరమాడొచ్చు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్ఎస్ఐ, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే పరిమితే లేదు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లను (చుట్టూ వదిలే ఖాళీ జాగా) బట్టి ఎంతైనా లేపొచ్చు. బేరానికి పెట్టాల్సిన సరుకు ముందే ఇచ్చేసి కూర్చున్నాం మనం. పైగా అవుటర్ రింగ్ రోడ్డు లోపలి పాత పారిశ్రామికవాడల భూములను ఇళ్లకు మార్చుకునే పాలసీ 2025 చివర్లో వచ్చింది, కాబట్టి మీ వెనక ఫ్యాక్టరీ స్థలం ఒక్కటే అనుకోకండి, వరసగా వస్తాయి. "కట్టనివ్వొద్దు" అనే పార్టీవారికి నా మాటగా చెప్పండి, కోర్టులో ఐదేళ్లు గడిచేసరికి ఈ దారి సంగతి అందరూ మర్చిపోతారు, టవర్ మాత్రం లేస్తుంది.

మీ చేతిలో ఉన్నది ఏంటంటే, 2012 నాటి జీవో 168. ఎత్తైన భవనం ముందు ఎంత రోడ్డు ఉండాలో అందులో ఉంది, కాబట్టి బిల్డర్ ఏ రోడ్డు చూపించి అనుమతి అడుగుతున్నాడో ముందు తెలుసుకోండి. మీ 30 అడుగుల రోడ్డు మీద ఆ ఎత్తు రాదు, అంటే వేరే వైపు పెద్ద రోడ్డు చూపించి ఉంటాడు. అలాంటప్పుడు మీ వీధి వైపు కార్ల గేటు ఎందుకు? అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. వెయ్యి ఫ్లాట్లలో 600 కార్లు పొద్దున గంటన్నరలో బయటికి వస్తే తొమ్మిది సెకన్లకొక కారు. అవి పెద్ద రోడ్డుకే పోవాలి.

కార్ల గేటు వద్దు, కానీ నడిచేవాళ్ల గేటు కావాలి. ఇక్కడే అందరూ పొరబడతారు. గేటెడ్ కమ్యూనిటీ అంటే నాలుగు వైపులా గోడ, ఒకటే గేటు. మ్యాపులో స్టేషన్ 400 మీటర్లే, కానీ గోడ చుట్టూ తిరిగి వెళ్తే కిలోమీటరు దాటుతుంది. ఆ ఎండలో ఎవరు నడుస్తారు, కారు తీస్తారు. వాళ్లు నడవకపోతే నష్టం మీకే. అందుకని ఆ స్థలం మధ్యలోంచో అంచునుంచో మూడు మీటర్ల దారి, మీరూ వాళ్లూ అందరూ పొద్దునా రాత్రీ వాడుకునేది, లేఅవుట్ ప్లాన్‌లో గీసి ఉండాలి. నోటిమాట కాదు, ప్లాన్‌లో. పునాది పడ్డాక ఎవరూ ఇవ్వరు.

ఇక డబ్బు సంగతి. ఎత్తైన భవనాలకు సిటీ లెవెల్ ఇంపాక్ట్ ఫీజు కట్టించుకుంటారు. అందులో కొంత అదే ప్రాంతంలో సదుపాయాలకు వాడాలని నిబంధనలోనే ఉంది. మీ ఏరియాలో ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చుపెట్టారు అని సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి. మీటింగ్‌లో "నిధులు లేవు" అన్నప్పుడు ఆ జవాబు చేతిలో ఉంటే మాట తీరు మారుతుంది.

రోడ్డు వెడల్పు అడిగేముందు ఉన్న 30 అడుగుల్లోనే ఒకవైపు పార్కింగ్ ఆపించి ఫుట్‌పాత్ వేయించండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, వీల్‌చెయిర్లు రెండు ఎదురెదురుగా పోయేంత. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, కొబ్బరిబోండాల బండి ఉంటే అది 1.8 కాదు. వెడల్పు తప్పదంటే భూమి పోయేవాళ్లకు డబ్బు బదులు టీడీఆర్ అనే కాగితం (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు) ఇస్తామంటారు, దాన్ని అమ్ముకోవాల్సింది మీరే, ఆ సంగతి రెండో పార్టీకి ముందే చెప్పండి.

రోజూ_రైలు:

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతా. స్టేషన్ పాదచారుల వంతెన అటువైపు ఇటువైపు మనుషులు దాటడానికి ప్లాట్‌ఫాం టికెట్ లేకుండా వాడుకునేలా ఉందో లేదో చూడండి. లేకపోతే అవతలివాళ్లు పట్టాలు దాటుతారు. చదువుకున్నవాళ్లు కూడా దాటుతారు, నేను రోజూ చూస్తుంటా.

కాలనీ_సెక్రటరీ:

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. కంట్రోలర్ గారూ, మీ టాయిలెట్ మాట చదివి మా ఇంట్లో "ఇదొక్కటి ముందు రాయండి" అన్నారు, తను ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు చేసింది.

నిన్న సాయంత్రం నేనూ ట్రెజరర్ గారూ ఫ్యాక్టరీ గోడ మూల నుంచి స్టేషన్ దాకా నడిచి చూశాం. ఫోన్‌లో 1,150 మీటర్లు చూపించింది, 17 నిమిషాలు పట్టింది, ఆయనకు మోకాలి నొప్పి ఉందిలెండి. అదే గోడలోంచి దారి ఉంటే సగం కూడా ఉండదు. దారిలో ఫుట్‌పాత్ అనదగ్గది రెండు చోట్లే ఉంది. ఒకచోట కరెంటు స్తంభం పక్కనుంచి పోవాలంటే నేను పక్కకు తిరగాల్సి వచ్చింది.

రోడ్డు వెడల్పు పార్టీ పెద్దమనిషికి టీడీఆర్ సంగతి చెప్పాను, కాసేపు ఏం మాట్లాడలేదు. ఈ ఆదివారం పొద్దున ఏడింటికి టేపు పట్టుకుని ప్రతి ఇరుకు జాగా కొలిచి, ఫొటోతో సహా కాగితంలో పెడదామనుకుంటున్నాం. మా దగ్గర ఐదు మీటర్ల టేపే ఉంది, దగ్గర్లో ఎవరి దగ్గరైనా 30 మీటర్లది ఉంటే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.

మూడు_చక్రాలు:

నా దగ్గర ఉంది అన్నా, మా బావ మేస్త్రీ. ఆదివారం 6:30కి స్టేషన్ దగ్గరే ఉంటా, ఎక్కడ దొరికితే అక్కడ నిలబడతా.