ముత్యాలధార దారి: వానాకాలమంతా మూసెయ్యాలా, గైడుతో తెరవాలా?

వాగుదారి:
ములుగు జిల్లా వీరభద్రవరం నుంచి అడవిలో నడిచి వెళ్లే ముత్యాలధార జలపాతం గురించి అడుగుతున్నా. 700 అడుగుల ధార నిండుగా చూడాలంటే వానాకాలమే. దారిలో వాగులు పొంగేదీ అప్పుడే. 2023 జులైలో దాదాపు 80 మంది వాగు అవతల చిక్కుకుంటే ఎన్డీఆర్ఎఫ్ వచ్చి తేవాల్సి వచ్చింది. ఆ వారమే అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. కురిసింది. జులై నుంచి సెప్టెంబరు దాకా మూసెయ్యాలన్నది నా మాట.

కొండనడక:
మూస్తే ఆగరు అన్నా. దారి దగ్గర ఆపితే చేలగట్ల మీదుగా దూరతారు. లోపల ఎంతమంది ఉన్నారో లెక్క కూడా ఉండదు. పొద్దున 7కి మొదలు, పదిమందికి ఒక ఊరి గైడు, మధ్యాహ్నం 1 కల్లా ధార దగ్గర నుంచి వెనక్కి, వాగుల దగ్గర తాడు. ఇవి పెట్టి తెరవండి.

వాగుదారి:
తాడా? నడుముకు తాడు కట్టుకున్నవాడు జారితే తాడు బిగుస్తుంది, నీళ్లు వాణ్ని కిందికి అదిమేస్తాయి. ఈతొచ్చినా తల పైకి లేవదు.

కొండనడక:
నడుముకని నేనెక్కడ అన్నాను? పట్టుకోవడానికి. రెండు గట్ల చెట్లకీ బిగించి కట్టాలి, అవతలి కొస వాగువాలుకి దిగువగా ఉండాలి. మనిషి తాడుకు దిగువ వైపు నిలబడి, ఎగువకు మొహం పెట్టి అడ్డంగా జరగాలి. బ్యాగు బెల్టులు ముందే విప్పుకోవాలి, పడితే వదిలించుకునేలా. బూట్లు విప్పకూడదు. ఇరుకు చోట లోతూ వడీ ఎక్కువ, వెడల్పు చోటే దాటాలి.

పాచిరాయి:
రబ్బరు చెప్పులతో వచ్చేవాళ్ల సంగతి ముందు చూడండి. పాచి బండ మీద అవి నిలవవు.

వాగుదారి:
అవన్నీ పిక్కల్లోతు తేట నీళ్లకు. వడి రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. మోకాలి లోతులో బురదనీళ్లు పరిగెడుతుంటే తాడున్నా దిగొద్దు, అడుగున రాయి కనపడదు. 2023లో చిక్కుకున్నవాళ్లకు అధికారులు చెప్పిందీ అదే: దాటకండి, ఎత్తు మీద ఉండండి. కొండవాగు వాన ఆగితే కొన్ని గంటల్లో తీస్తుంది. అంతసేపు ఆగాలంటే టార్చి, ప్లాస్టిక్ పట్టా, మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఓ పూట తిండి కావాలి. తాడు చూపిస్తే ఆగాల్సినవాడు కూడా దిగుతాడు.

కొండనడక:
ఎప్పుడు దాటాలో, ఎప్పుడు ఆగాలో గైడుకు తెలుసు. ఊరివాళ్ల మీద నమ్మకం లేదని సూటిగా చెప్పండి.

వాగుదారి:
గైడుకు వాగు తెలుసు, ఒప్పుకుంటా. కానీ గుంపుకింత అని డబ్బిస్తే, వద్దన్న రోజు ఆయన చేతికి ఏమీ రాదు. అయిదు గంటలు బండి తోలుకుని వచ్చినవాళ్లు పదిమంది చుట్టూ చేరి అడుగుతుంటే 'ఇవాళ కాదు' అని ఎంతసేపు నిలబడతాడు? నా భయమంతా అక్కడే.

ఏటిగట్టు:
తాడు ముచ్చట ఇంతసేపా అన్నా? పైన గుట్టల మీద వాన పడ్తది, ఈడ ఎండ కాస్తుంటది. తేట నీళ్లు టీ రంగుకు తిరుగుతయ్, ఎండాకులు, పుల్లలు గుంపుగ కొట్టుకొస్తయ్, అడుగున గులకరాళ్లు దొర్లే సప్పుడు ఇనపడ్తది. గప్పుడు దాటుడు బంద్. ఇది ఊరోళ్లకు ఎవలూ నేర్పలే. కానీ మీరు చిక్కుకుంటే చీకట్ల ముందుగాల దిగేది కూడ మేమే. పడవొచ్చేది తర్వాత. దాని గురించి ఇద్దర్ల ఒక్కలు రాయలే.

కొండనడక:
నిజమే అన్నా, రాయలేదు. అయితే టికెట్టు డబ్బు ఊరి సమితి చేతిలో పెట్టి, దారి మూసిన రోజు కూడా గైడుకు పూర్తి కూలి ఇవ్వాలి. తలకోన జలపాతం దగ్గర ఊరివాళ్ల వన సంరక్షణ సమితితో నడిపించారు కదా.

వాగుదారి:
కూలి ఖాయమైతే సగం ఒప్పుకుంటా. కానీ పైన వాన సంగతి? కింద నిలబడి చూస్తే తెలియదు. ముందురోజు భారీ వాన హెచ్చరిక ఉంటే పొద్దున గేటే తెరవొద్దు.

కొండనడక:
వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక వస్తే మూయండి, దానికన్నా తక్కువదైన ఎల్లోకి వద్దు. సీజనంతా ఎల్లోనే ఉంటుంది.

వాగుదారి:
ఎల్లో రోజునే వాగు పొంగితే?

ఏటిగట్టు:
మొదటి వాగుల నల్లబండ ఉన్నది. దాని నడుముకు ఎర్రగీత గీద్దాం. నీళ్లు గీతను తాకితే, ఏ రంగు హెచ్చరికైనా సరే, అందరు ఎనక్కే. ఎంత ఎత్తున గీయాల్నో మాత్రం మమ్ముల అడగుండ్రి.