పెద్దన "ఊరక" అన్నది ఆశువు గురించేనా?

పద్యప్రియ: నిన్న రాత్రి ఒక అష్టావధానం వీడియో చూశాను. దత్తపదిలో (ఇచ్చిన మాటలు పెట్టి పద్యం చెప్పే అంశంలో) మూడో పాదం దగ్గర అవధాని గారు కాస్త ఆగితే, సభలో ఎవరో అల్లసాని పెద్దన చాటువు (విడిగా ప్రచారంలో ఉన్న పద్యం) నాలుగో పాదం అందుకున్నారు: "దొరికినఁగాక యూరక కృతుల్ రచింపు మటన్న శక్యమే". అడిగినవన్నీ దొరికితే తప్ప ఊరక కావ్యాలు రాయమంటే సాధ్యమా అని. అప్పటి నుంచి ఆ "ఊరక" నన్ను వదలడం లేదు. ఇన్నాళ్లూ దాన్ని "అప్పటికప్పుడు, ఆశువుగా" అనే చదువుకున్నాను. సరేనా?

గణాల లెక్క: ముందు పాదం సరిచేసుకోండి. "రచియింపు" ఉండాలి. చంపకమాలకు 21 అక్షరాలు, మీరు రాసినదానిలో 20 ఉన్నాయి. ఆ ఒక్క "యి" పోతే జగణం (లఘువు, గురువు, లఘువు) కుంటుతుంది. ఇక అర్థం, "కారణం లేకుండా". పోతన భాగవతం దశమస్కంధంలో నందుడు గర్గుడితో అన్న "ఊరక రారు మహాత్ములు" చూడండి. మూడో పాదం "గారణము మంగళములకు" అని ఎత్తుకుంటుంది. ఊరకకు ఎదురుమాట కారణమని పోతనే చెప్పేశాడు.

సీమ చదువరి: పోతన వాడుకతో పెద్దనను కొలవొద్దు సార్. ఈ పద్యంలో కవి అడుగుతున్నది కప్పురవిడెం, నచ్చిన భోజనం, ఉయ్యాలమంచం. అంటే "ఉత్తపుణ్యానికి రాయమంటే కుదరదు" అనే కదా. మా వైపు "ఊరికే ఇచ్చినాడు" అంటే డబ్బు తీసుకోలేదనే.

కరీంనగర్ అక్క: మా దగ్గర దీనికి "ఉత్తగ" అంటాం. "ఉత్తగనే వచ్చిన" అంటే పనేం లేకుండా వచ్చానని. "ఉత్తగనే ఇచ్చిండు" అంటే పైసలు తీసుకోలేదని. రెండర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి, పెద్దన ఒక్కటే ఎందుకు ఎంచుకోవాలి?

వీణ మాస్టారు: నాది సంగీతం వైపు నుంచి ఒక మాట. స్వరకల్పన (రాగంలో అప్పటికప్పుడు స్వరాలు అల్లడం) నేర్పేటప్పుడు "ఊరికే నీకు తోచింది వాయించు" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. మోహన రాగంలో ఉన్నవి ఐదు స్వరాలే అయినా టెన్షన్ పడతారు. అదే "గాంధారం దగ్గర నిలబడు, ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు) వాయించి పల్లవి ఎత్తుగడకు రా" అంటే చేతులు వాటంతట అవే కదులుతాయి. మనోధర్మం (అప్పటికప్పుడు అల్లేది) అన్నామని అది గాలిలోంచి రాదు, కింద ఏళ్ల తరబడి వాయించిన వర్ణాలనే అభ్యాస రచనలుంటాయి. నా మటుకు "ఊరక" అంటే "ఆసరా లేకుండా". పెద్దన కాదంటున్నది ఆశువును కాదు, ఆసరా లేకపోవడాన్ని.

పద్యప్రియ: మాస్టారూ, ఇది నాకు నచ్చింది. రాయలు పెద్దన కాలికి గండపెండేరం తొడిగిన కథలో ఆయన ఉత్పలమాలిక (ఉత్పలమాల పాదాల పొడవాటి పద్యం) ఆశువుగా చెప్పాడంటారు కదా. అంత చెప్పినవాడు ఇక్కడ "శక్యమే" అనడం నాకు అప్పుడూ పొసగలేదు.

తాళపత్రం: అందరూ నాలుగో పాదమే పట్టుకున్నారు. మూడోది చూడండి: "ఊహ దెలియంగల లేఖక పాఠకోత్తముల్". కవి తనే గంటం పట్టి రాసుకుంటే ఊహ తెలిసిన లేఖకుడితో పనేముంది? పెద్దన నోటితో చెబుతున్నాడు, పక్కన ఒకడు తాటాకు మీద గీస్తున్నాడు. పాఠకుడు అంటే మనలా కళ్లతో చదువుకునేవాడు కాదు, పైకి చదివి వినిపించేవాడు. అంటే "ఊరక చెప్పలేను" అనే పద్యంలోనే నోటితో పద్యం అల్లే గది మొత్తం కనిపిస్తోంది. ఉయ్యాలమంచం కూడా సుఖానికి కాదని, పద్యం నడక (లయ) కోసమని నా నమ్మకం.

గణాల లెక్క: ఉయ్యాల నడకకు ఆధారం లేదు. లేఖకుడి మాట మాత్రం ఒప్పుకుంటాను. అయినా ఆశువంటే వసుచరిత్ర రాసిన రామరాజభూషణుడిని వదిలేస్తే ఎలా? "ఘటికాశతగ్రంథకరణధుర్యుడు" అని బిరుదు, అంటే ఒక్క ఘటికలో నూరు గ్రంథాలు అల్లగలవాడని. గ్రంథమంటే 32 అక్షరాలు, ఘటిక 24 నిమిషాలు. నూరు గ్రంథాలంటే 3200 అక్షరాలు. చంపకమాలకు 84 చొప్పున లెక్కేస్తే 38 పద్యాలు, ఒక్కోదానికి 40 సెకన్లైనా లేదు. వసుచరిత్ర శ్లేషలు కట్టిన చేత్తోనే ఇదీ! ఆయన ముందు నాకు ఎవరూ ఆనరు.

సీమ చదువరి: బిరుదును గడియారంతో కొలిస్తే ఎట్లా సార్? వేగం వేరు, అల్లిక వేరు. పెద్దన అల్లిక జిగిబిగి ఎవరికొచ్చింది?

కరీంనగర్ అక్క: మాట మళ్లీ ఊరక నుంచి జారింది.

తాళపత్రం: జారనివ్వండి అక్కా, నాకు ఇంకో అనుమానం. "ఊహ దెలియంగల" అనేది లేఖకుడికేనా, పాఠకుడికి కూడానా? లేఖకుడికే అయితే కవి పాదం పూర్తి చేయకముందే తర్వాతి మాట పసిగట్టాలి. మాస్టారూ, మీ మృదంగం ఆయన అలాగే కదా చేసేది?

వీణ మాస్టారు: అవును. నేను ముక్తాయికి (ముగింపు అల్లికకు) వస్తున్నానని నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయన రాని రోజు నా స్వరాలు పొట్టిగా ఆగిపోతాయి.

పద్యప్రియ: అయితే "దొరికినఁగాక" మీద ఇంకో పోస్ట్ పెడతాను. ఆ "దొరకడం" విడెం నుంచి లెక్కా, లేఖకుల నుంచి లెక్కా అన్నది ఇప్పుడు నన్ను పట్టుకుంది.