యూకే వెళ్లే తమ్ముడికి ఇన్సులిన్ పంపు: తిరుపతిలోనే కొనాలా, అక్కడ తీసుకోవాలా?

అలిపిరి అక్క:
తమ్ముడికి 23 ఏళ్లు, టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బు). సెప్టెంబర్‌లో మాంచెస్టర్‌కు చదువుకు పోతున్నాడు. స్విమ్స్‌లో చూపిస్తున్నాం. పెన్నుతో రోజుకు ట్రెసిబా (దీర్ఘకాలిక ఇన్సులిన్) 20, నోవోరాపిడ్ (త్వరగా పనిచేసే ఇన్సులిన్) 25 యూనిట్ల దాకా వేసుకుంటాడు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8.1. చేతికి లిబ్రే (షుగర్ చూపే సెన్సర్) ఉంది. పంపు (ఇన్సులిన్‌ను ఒంట్లోకి పంపే చిన్న మిషన్) అమ్మే ఏజెంటేమో "మెడ్‌ట్రానిక్ 780జీ పంపు ఇక్కడే కొనిచ్చి పంపండి, అక్కడ క్యూలో ముసలోడైపోతాడు" అంటున్నాడు. ఏటా మే నెలలో ఇంటికొస్తాడు, వస్తే కొండకు నడిచే పోతాడు. పంపు ఏది, సెన్సర్ ఏది, యాడ కొనాలి?

వేలూరు రోడ్డు:
అక్కా, పంపు ఇక్కడ కొనొద్దు. ఏజెంటు ఏనుగు ధరే చెప్తాడు, అంకుశం ధర చెప్పడు. మిషన్ ఒక్కసారి ఖర్చు. రిజర్వాయర్ (ఇన్సులిన్ నింపే గొట్టం), సెట్టు (ఒంటికి పెట్టే ట్యూబు, సూది), సెన్సర్ మాత్రం వారం వారం కావాలి. ఇక్కడ కొన్న పంపుకు వారంటీ ఇక్కడిదే. మాంచెస్టర్‌లో శనివారం రాత్రి అది ఆగిపోతే మార్చి ఇచ్చే నాథుడు ఉండడు. సొంతంగా తెచ్చుకున్న పంపుకు సెట్లు ఇవ్వాల్సిన బాధ్యత అక్కడి క్లినిక్‌కు ఉండదు.

వీసాతో పాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్ ఎలాగూ కడతారు. ఆ డబ్బుతోనే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) వైద్యం వస్తుంది. 2022 నుంచి టైప్ 1 పెద్దలందరికీ సెన్సర్ ఇవ్వాలని నైస్ (ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏ వైద్యం ఇవ్వాలో చెప్పే సంస్థ) మార్గదర్శకం ఉంది. సెన్సర్, పంపు కలిసి పనిచేసే క్లోజ్డ్ లూప్‌కు 2023 డిసెంబర్‌లో ఇంకో మార్గదర్శకం వచ్చింది. శ్రద్ధగా చూసుకుంటున్నా హెచ్‌బీఏ1సీ 58 లేదా పైన ఉన్న పెద్దలకు ఇవ్వొచ్చు. ఆ 58 అంటే మన 7.5 శాతం. మీవాడి 8.1 అక్కడి లెక్కలో 65. అర్హత ఉంది కానీ ఐదేళ్లలో విడతలుగా ఇస్తున్నారు కాబట్టి క్యూ మాట అబద్ధం కాదు. ఆ క్యూలో పెన్నూ సెన్సరూ చాలు.

దిగిన వారంలోనే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించాలి. ఎఫ్‌పీ92ఏ ఫారం నింపితే ఇంగ్లండ్‌లో మందులకు చార్జీ ఉండదు. అదే రోజు డయాబెటిస్ క్లినిక్‌కు రిఫరల్ అడగాలి. స్విమ్స్ డాక్టరు గారితో ఉత్తరం రాయించుకోండి: జబ్బు ఏ ఏడాది బయటపడింది, టైప్ 1 అని తేల్చే సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ రక్తపరీక్షల ఫలితాలు, ఇప్పటి డోసులు. లిబ్రే 90 రోజుల రిపోర్టు పీడీఎఫ్‌గా దించుకోండి. ఇవి లేకుండా పోతే టైప్ 1 అని నమ్మించడానికే మొదటి అపాయింట్‌మెంటు అయిపోతుంది.

సెన్సర్ సుబ్బు:
సెన్సర్ గురించి రెండు మాటలు. ఇండియా లిబ్రే యూకే యాప్‌తో స్టార్టు కాకపోవచ్చు. ఇక్కడి సెన్సర్లు అయిపోయేదాకా ఫోన్‌లో యాప్ దేశం మార్చొద్దు. రెండోది, అక్కడ అంకెలు మారతాయి: మన అంకెను 18తో భాగించాలి. 70 అంటే 3.9, 180 అంటే 10. కంగారులో 4.2 చూసి ఏమనుకోవాలో తెలియక నిలబడకుండా ఇప్పుడే అలవాటు చేయండి.

తేడా చూపే మందులు కూడా ఉన్నాయి. 780జీతో వాడే గార్డియన్ 4 సెన్సర్ డోలో 650 వేసుకుంటే లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆటో మోడ్‌లోని (సెన్సర్ అంకెను బట్టి తానే ఇన్సులిన్ ఇచ్చే) పంపు దాన్ని నమ్మి ఇన్సులిన్ పోసేస్తుంది, షుగర్ డౌన్ అవుతుంది. పారాసిటమాల్ వేసుకున్నంతసేపు మాన్యువల్‌లో పెట్టి వేలి చుక్కతో చూసుకోవాలి. లిబ్రేకు విటమిన్ సీ మాత్రలు ఎక్కువైతే ఇదే తంటా.

వేలూరు రోడ్డు:
సుబ్బన్న చెప్పింది నిజం, నేను వదిలేసిన సంగతి. ఇక పంపులు.

780జీ: ట్యూబు ఉంటుంది, 300 యూనిట్లు పడుతుంది, ఏఏ బ్యాటరీతో నడుస్తుంది. టార్గెట్ 100, 110, 120లో ఒకటి. లిబ్రేతో కలవదు, మెడ్‌ట్రానిక్ సొంత సెన్సర్లే కావాలి. సెట్లు ఇండియాలో కూడా దొరుకుతాయి, ఇదే దాని పెద్ద బలం.

ఓమ్నిపాడ్ 5: ట్యూబు లేదు, పాడ్ ఒంటికి అంటుకుంటుంది. 3 రోజులు, గరిష్ఠం 200 యూనిట్లు, కనీసం 85 నింపాలి. రోజుకు 45 వాడేవాడికి సరిపోతుంది, 65 దాటితే కష్టం. డెక్స్‌కామ్ సెన్సర్‌తో గానీ లిబ్రే 2 ప్లస్‌తో గానీ నడుస్తుంది. ప్లస్ కాని లిబ్రే 2 పనికిరాదు. పాడ్లు ఇక్కడి మందుల షాపుల్లో అడిగి లాభం లేదు, మొత్తం అక్కడి నుంచే మోసుకురావాలి.

టి-స్లిమ్: 300 యూనిట్లు, ఫోన్‌లా చార్జింగ్ పెట్టాలి, తెర పంపుకే ఉంటుంది.

నా ఓటు 780జీకే. కానీ అక్కడి క్లినిక్ ఏది ఇస్తే దాంట్లోంచే ఎంచుకోవాలి.

శ్రీకాళహస్తి ఫార్మసిస్టు:
మే నెలలో తిరుపతి ఎండ మాట ఎవరూ ఎత్తలేదే. 37 డిగ్రీలు దాటితే పంపులో ఉన్న ఇన్సులిన్ కూడా పాడే. బండి మీద తిరిగేటప్పుడు పంపును చొక్కా లోపల పెట్టాలి. కారణం లేకుండా షుగర్ 250 పైన నిలబడితే సెట్టూ ఇన్సులిన్ రెండూ మార్చేయాలి, రిజర్వాయర్‌లో ఉన్నది పారేయడానికి మొహమాటపడొద్దు. చెమటకు అతుకు ఊడుతుంది, చుట్టూ మైక్రోపోర్ టేపు వేయండి.

అన్నిటికన్నా ముఖ్యం: మన షాపుల్లో మామూలు ఇన్సులిన్ సీసాలు 40 బలంవి (మిల్లీలీటరుకు 40 యూనిట్లు). పంపుకు 100 బలం, అదీ నోవోరాపిడ్ లాంటి త్వరగా పనిచేసేదే పోయాలి. 40ది పోస్తే పంపు 10 యూనిట్లు ఇచ్చానంటుంది, ఒంట్లోకి 4 పోతాయి. తిరగేస్తే ఇంకా ఘోరం: 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో (40 బలానికి చేసినది) లాగితే రెండున్నర రెట్లు ఎక్కుతుంది. లేబుల్ చదవకుండా సీసా తీసుకోవద్దు.

కొండ సంగతి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. 780జీలో గంట రెండు గంటలు ముందే తాత్కాలిక టార్గెట్ 150 పెట్టాలి. ఆటో మోడ్‌లో షుగర్ డౌనైతే 15 గ్రాముల గ్లూకోజు గబగబా తినొద్దు, పంపు అప్పటికే ఇన్సులిన్ ఆపి ఉంటుంది. 5 నుంచి 10 గ్రాముల గ్లూకోజు చాలు. దర్శనానికి ఫోన్లు రానీయరు. తెర ఉన్న పంపుకు ఇబ్బంది లేదు. ఓమ్నిపాడ్ కంట్రోలర్ ఫోన్‌లాగే ఉంటుంది, ఆపే అవకాశం ఉంది. అది లేకున్నా పాడ్ సెన్సర్‌తో నేరుగా మాట్లాడుకుంటుంది, కానీ క్యూలో ప్రసాదం తింటే బోలస్ (తిండికి వేసే ఇన్సులిన్ డోసు) వేయలేడు. తనిఖీలో చూపడానికి డాక్టర్ ఉత్తరం జేబులో ఉండాలి.

అలిపిరి అక్క:
అందరికీ దండాలు. సరే, పంపు ఇక్కడ కొనం. ఇప్పుడు ఎంత సరుకు పట్టుకుపోవాలి? సంగటి తినేటప్పుడు లెక్క ఎప్పుడూ తప్పుతాడు, దానికేమైనా ఉపాయం?

వేలూరు రోడ్డు:
మూడు నెలలకు చూడండి. 45 యూనిట్లు 90 రోజులకు 4,050. అందులో నోవోరాపిడ్ 2,250, అంటే 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జిలు 8. సూది మార్చినప్పుడల్లా 2 యూనిట్లు వృథా పోతాయి కాబట్టి 12 పెట్టండి. ట్రెసిబా 1,800కు 6, పైన 2. సెన్సర్లు 14 రోజులవైతే 7, పైన 2. ఇన్సులిన్ అంతా చేతి బ్యాగులోనే, చెక్‌ఇన్ సామానులో గడ్డకడితే పనికిరాదు. కీటోన్ (ఇన్సులిన్ చాలకపోతే రక్తంలో పెరిగే ఆమ్లం) చూసే స్ట్రిప్పులు తప్పకుండా కొనండి. రేపు పంపు పెట్టాక సెట్టు మడతపడితే లోపల దీర్ఘకాలిక ఇన్సులిన్ ఉండదు, మూడు నాలుగు గంటల్లో కీటోన్లు మొదలవుతాయి. 0.6 లోపు ఫరవాలేదు, 1.5 దాటితే ఫోన్ చేయాలి, 3 అయితే ఆసుపత్రే. పంపు వచ్చినా పెన్నులు పారేయొద్దు.

సంగటికి ముద్ద బరువు చూడొద్దు, నీళ్లను బట్టి మారిపోతుంది. అందులో పడిన పిండీ బియ్యం బరువు తూయండి. రాగిపిండి 100 గ్రాములకు సుమారు 70 గ్రాముల కార్బ్ (పిండిపదార్థం), బియ్యానికి 78. ఎన్ని ముద్దలైతే అన్నిటికి భాగించి, తినడానికి 10-15 నిమిషాల ముందు బోలస్.